రాకెట్టుకు అరగంట

ఆదిలాబాద్,
3 ఫిబ్రవరి 2025

బాపూ,

నర్మద దండాలు. నిన్న అవ్వ ఫోన్ చేసినప్పుడు అంతా బాగుందని చెప్పాను. అప్పుడు పక్కన ఆయన ఉన్నారు, గడపలో ఇంటి ఓనరమ్మ జ్యోతిరాణి నిలబడి ఉంది. ఫోన్‌లో నేను ఎప్పుడూ బాగానే ఉంటాను. అవ్వకు ఏ కొంచెం చెప్పినా సాయంత్రానికల్లా మన కాలనీ మొత్తం తెలిసిపోతుంది. నువ్వేమో ఫోన్ చెవికి ఆనించుకున్నా వినలేవు. అందుకే ఈ ఉత్తరం.

బొగ్గుబాయిలో పేలుళ్లకు నీ చెవులు పోయినప్పటి నుంచి పలక మీద రాసే కదా నీతో మాట్లాడాను. ఏడో తరగతిలో బడి మానేసినా రాయడం మరిచిపోలేదంటే ఆ పలక వల్లనే. నోటితో రాని మాట నాకు చేతితో వస్తుంది.

ఒక సంగతి అడగాలి. బాయిలో బొగ్గుకు మందు కూరి, మీట తిప్పాక అది పేలకపోతే నువ్వేం చేసేవాడివి? ఇన్నేండ్లు షాట్‌ఫైరర్‌గా చేశావు, నీకు తెలియనిది కాదు. ఎందుకు అడుగుతున్నానో చెబుతాను, కోపం తెచ్చుకోకు.

ఆయనకు ఒక అలవాటు ఉంది. పెళ్లప్పుడు మనకు ఎవరూ చెప్పలేదు. చిన్న చిన్న రాకెట్లు చేసి ఎగరేస్తారు. దీపావళివి కావు. చార్ట్ కాగితాన్ని పైపుకు చుట్టి, గమ్ పెట్టి గొట్టం చేస్తారు. ముక్కు చెక్కతో, రెక్కలు అట్టతో. పైకి పోయాక ముక్కు ఊడి చిన్న గొడుగు విచ్చుకుంటుంది, రాకెట్టు ఊగుతూ దిగుతుంది. ఆ గొడుగు నేనే చేస్తాను. పల్చటి కవరు కత్తిరించి చుట్టూ దారాలు కడతాను. గొట్టంలో గొడుగుకు మంట తగలకుండా కింద మెత్తటిది ఏదో కూరాలంటే, మొదటిసారి నేను గుప్పెడు పత్తి తెచ్చి ఇచ్చాను. ఆయన పడీ పడీ నవ్వారు. "జిన్నింగ్ మిల్లుల పనిజేసెటోని పెండ్లానివి, మంటకాడ పత్తి పెడ్తవా?" అన్నారు. ఆ మిల్లులో పనివాళ్లు అగ్గిపెట్టెను గేటు దగ్గరే వదిలి లోపలికి పోవాలి. వారమంతా నిప్పు పేరెత్తని చోట మోటార్లు బాగుచేస్తారు, ఆదివారం నిప్పు కోసం చేన్లోకి పోతారు.

పత్తి ఏరడం అయిపోయిన చేన్లో ఇనుప కడ్డీ పాతి రాకెట్టును దానికి తొడుగుతారు. అక్కడి నుంచి దూరంగా వైరు, వైరు చివర బ్యాటరీ డబ్బా. డబ్బాకు ఒక తాళంచెవి, ఒక బటన్. తాళంచెవి పెడితేనే బటన్ పనిచేస్తుంది. నిన్న బటన్ నొక్కితే రాకెట్టు లేవలేదు. ఆయన వెంటనే నడిచి పోయి దాని మీదికి వంగారు. తాళంచెవి డబ్బాలోనే ఉంది. డబ్బా ఆయన దోస్తు తిరుమల ఒడిలో ఉంది. తిరుమల బొటనవేలు బటన్ మీద ఉంది. అతను ఆయన వైపు చూడటం లేదు, నా వైపు తిరిగి "వదినా, చాయ్ ఇంకింత ఉన్నదా?" అంటున్నాడు.

నేను ఆగమని అరవాలి. నా గొంతు లేవలేదు. దోస్తుల ముందు ఆయనకు నేను చెప్పడమా అనిపించింది. ఏమీ కాలేదు. కానీ ఆ బొటనవేలు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

జవాబు రాయి. అవ్వకు చెప్పకు.

నీ బిడ్డ,
నర్మద


గోదావరిఖని,
9 ఫిబ్రవరి 2025

బిడ్డా నర్మదా,

నాకు బడి తెలుగు రాదు, మాట్లాడినట్టే రాస్తున్న. నీ ఉత్తరం సదివిన కాన్నుంచి బువ్వ లోపలికి పోతలేదు. మిల్లుల కరెంటు పని జేస్తడని శ్రీహరికి పిల్లనిచ్చిన. మందు పని జేస్తడని నాకెవ్వలు జెప్పలే. పత్తి మిల్లు పక్కపొంటి ఇల్లు, గా ఇంట్ల మందు నూరుతుండా? నువ్వు పొయ్యి ఎక్కడ ముట్టిస్తవు మరి?

అడిగినవు గనుక జెప్తున్న, మంచిగ ఇను. మా కాడ ఎక్స్‌ప్లోడర్ అని ఒక డబ్బ ఉంటది. దానికో హ్యాండిల్. హ్యాండిల్ తిప్పితెనే షాట్ పేలుతది. మందు కాడికి పొయ్యెటోడు ఆ హ్యాండిల్ ఊడబీకి తన జేబుల ఏసుకొని పోవాలె. సొంత తమ్ముడు అడిగినా ఇయ్యొద్దు. షాట్ కొట్టెముందు "ఖబర్దార్" అని మూడుసార్లు ఒర్రాలె. ఒకవేళ పేలకుంటే అరగంట. అరగంట దాక ఎవ్వడు ఆ దిక్కు మొకం పెట్టొద్దు, దేవుడు పిలిచినా సరే.

మన బుచ్చిరాములు కాక ఎట్ల పోయిండో నీకు పూరా జెప్పలే, చిన్నపిల్లవని. షాట్ పేలలే. ఇద్దరం కూసున్నం. షిఫ్టు బస్సు పోతదని ఆయనకు ఒకటే తొందర. "ఇంకేం పేలుతదే అంకయ్యా, అది సచ్చింది" అన్నడు. హ్యాండిల్ నా జేబుల్నే ఉన్నది. నేను రానన్న. ఆయన మందు కాడికి పోయిండు, గప్పుడే పేలింది. కాక పెండ్లాం శంకరవ్వ ఇప్పటికీ నేను ఎదురైతే తలకాయ వంచుకొని పోతది.

అల్లునికి జెప్పు. నువ్వు జెప్పకపోతే నేనొచ్చి జెప్త.

అంకయ్య


ఆదిలాబాద్,
18 ఫిబ్రవరి 2025

బాపూ,

ముందు నీ ఫికర్ తీరుస్తాను. ఇంట్లో ఎవరూ మందు నూరడం లేదు. మందు నింపి తయారుగా ఉన్న రాకెట్టు మోటార్లే తెప్పిస్తారు, బొటనవేలంత ఉంటాయి. అవి కూడా తిరుమల సెల్‌ఫోన్ దుకాణంలో, ఇనుప పెట్టెలో ఉంటాయి.

నీ ఉత్తరం ఆయనకు చూపలేదు. ఎలా చూపను? "మందు నూరుతుండా" అని రాశావు కదా. ఆయన మనసు కష్టపడుతుంది. నోటితో చెబుదామని రోజూ అనుకున్నాను. ఆయన మిల్లు నుంచి వచ్చేసరికి వెంట్రుకల నిండా దూది, కళ్లు ఎర్రగా ఉంటాయి. అన్నం పెట్టి, చెబుదాం చెబుదాం అనుకుంటూ గిన్నెలు కడిగాను. అలా ఆదివారం వచ్చేసింది.

ఆ రోజు చేన్లోకి కొత్త మనిషి వచ్చారు. కాలేజీలో సైన్సు చెప్పే సారు. నచ్చితే పిల్లల ముందు ఎగరేయడానికి పిలుస్తామన్నారట. ఆయన తెల్లచొక్కా వేసుకున్నారు. రాకెట్టుకు ఎర్రరంగు వేశారు.

బటన్ నొక్కారు. లేవలేదు. ఆయన లేవబోయారు.

నేను లేచాను బాపూ. డబ్బా నుంచి తాళంచెవి ఊడబీకి కొంగుకు ముడి వేసుకున్నాను. ఆయన "ఏమైంది, ఇటియ్యి" అన్నారు. నేను "అరగంట" అన్నాను. నా నోటి నుంచి వచ్చింది ఆ ఒక్క మాటే.

"అరగంటేంది? ఒక్క నిమిషం ఆగితె సాలు, మోటారు డబ్బ మీద గట్లనే రాసుంటది" అన్నారు.

"అరగంట" అన్నాను మళ్లీ.

తిరుమల మొదలుపెట్టాడు. "వదినా, అరగంటల మా ఇంట్ల కందిపప్పు సుత ఉడుకుతది. రాకెట్టు ఉడకదా?" అందరూ నవ్వారు. సారు మర్యాదగా కాసేపు నిలబడ్డారు. తర్వాత గడియారం చూసుకుని, ఇంకోసారి వస్తానని బండి ఎక్కి వెళ్లిపోయారు. ఆయన ముఖం నేను చూడలేదు. నేల వైపే చూస్తూ కూర్చున్నాను.

అరగంట అయ్యాక తాళంచెవి ఇచ్చాను. పోయి చూస్తే వైరు క్లిప్పు ఊడి కింద పడి ఉంది. అసలు కరెంటే పోలేదు. అది పేలే సమస్యే లేదు. దోస్తులు పొట్టలు పట్టుకున్నారు. ఆయన నవ్వలేదు.

ఆ రోజు నుంచి నాతో "నీళ్లు", "కూర" తప్ప మాటలు లేవు. ఆ అరగంట ఎక్కడిది అని ఒకసారి అడిగారు. నీ పేరు చెబితే నీ మీద కోపం వస్తుందని ఊరుకున్నాను. నాకు ఆయన రాకెట్లు ఇష్టం లేదని, అందుకే పదిమందిలో తలదించేలా చేశానని అనుకుంటున్నారు. ఇష్టం లేకపోతే గొడుగులకు అన్ని దారాలు ఎందుకు కడతాను?

నేను తప్పు చేశానా బాపూ?

నర్మద


గోదావరిఖని,
24 ఫిబ్రవరి 2025

బిడ్డా,

తప్పా అని అడుగుతున్నవు. నేను ఎన్ని అరగంటలు కూసున్ననో లెక్కలేదు. కాక పోయిన దినం తప్ప, ఏ అరగంటల సుత ఏం పేలలే. ప్రతిసారి వైరు తెగిందో, క్లిప్పు ఊడిందో, ఏదో ఒకటి. ప్రతిసారి పక్కోడు నవ్విండు. అందుకనే నీకు ఉత్తరం రాసెతందుకు నా చెయ్యి ఉన్నది.

గాని ఒక మాట. మొగడు మాట్లాడ్తలేడని రాసినవు. మొన్న ఫోన్‌ల నీ గొంతు పీలగ ఉన్నదని మీ అవ్వ సరోజన అన్నది. నాకు ఇనబడదు, నువ్వు రాసిందే నాకు దిక్కు. నువ్వు చిన్నప్పటిసంది దెబ్బ తాకినా చెప్పేదానివి కాదు, లంగ కింద దాసుకునేదానివి. నిజం రాయి. చెయ్యి లేపిండా?

రాసినా రాయకున్నా నేను వస్తున్న. మార్చి తొమ్మిది, ఐతారం, పొద్దటి బస్సుకు. బట్టలు సదురుకో. నిప్పుతోని ఆడేటోని ఇంట్ల, మాట్లాడనోని ఇంట్ల, నా బిడ్డ ఉండాల్సిన పనిలేదు. ఖాళీ సంచి తెస్తున్న.

అంకయ్య


ఆదిలాబాద్,
1 మార్చి 2025

బాపూ,

నీ ఉత్తరం ఆయన చేతిలో పడింది. నేను నీళ్లకు పోయినప్పుడు పోస్ట్‌మన్ వచ్చాడట. నా పేరున్న కవరు విప్పేవారు కాదు, కానీ అది ఒక పక్క ఊడి ఉందట, లోపలి నుంచి "చెయ్యి లేపిండా" అన్న మాట కనిపించిందట. ఇక ఆపుకోలేకపోయారు.

నేను బిందె దించేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. "నేను చెయ్యి లేపిన్నా నర్మదా?" అన్నారు. తల అడ్డంగా ఊపాను. "గట్ల తల ఊపుడు కాదు, నోటితోని చెప్పు" అన్నారు. లేదన్నాను. అదే నిజం. చెయ్యి లేపలేదు, కసురుకోలేదు కూడా.

అప్పుడు నీ మొదటి ఉత్తరం కూడా తీసి ఇచ్చాను. బుచ్చిరాములు కాక గురించి రాసిన చోట ఆగి రెండోసారి చదివారు. "అరగంట మామ చెప్పిండా? గా ముచ్చట నాకు ఆ దినమే చెప్తే నేను నవ్వుదునా?" అన్నారు. ఉత్తరాలు మడిచి నా చేతిలో పెట్టి అన్నారు కదా: "మీ బాపుకు ఇన్ని కాగితాలు రాస్తవ్. నాతోని నాలుగు మాటలు మాట్లాడవు. నేనంటే గంత భయమా?"

ఆ మాటకు జవాబు కాగితం మీద రాసి ఇద్దామనుకున్నాను. సిగ్గేసింది. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమా?

తర్వాత ఆయన రాకెట్లన్నీ గోనెసంచిలో వేసి అటక మీద పెట్టేశారు. ఎర్రది కూడా. "నువ్వు పోవాల్నంటే పో. నేను ఆపను. ఉండాల్నంటే మీ బాపు ముందట నువ్వే చెప్పు, నేను నీ తరఫున చెప్పను" అన్నారు. ఇప్పుడు కూర, నీళ్లు అన్న మాటలు కూడా లేవు. తనే వడ్డించుకుంటున్నారు.

నీ ముందు చెప్పడం ఎలా బాపూ? నీకు వినపడదు. పలక మీద రాస్తే ఆయన చూస్తారు. నాకేం కావాలో నాకు తెలుసు, కానీ ఇద్దరి మధ్య నిలబడి చెప్పే నోరు నాకు లేదు.

రావద్దని రాయను. సంచి మాత్రం తేకు.

నర్మద


ఆదిలాబాద్,
12 మార్చి 2025

బాపూ,

నువ్వు క్షేమంగా చేరావని అవ్వ ఫోన్ చేసింది. నా ఉత్తరం నువ్వు బయలుదేరిన తర్వాత వచ్చిందని, అందుకే సంచి తెచ్చావని ఇప్పుడు తెలిసింది. బస్సు దిగి, ఆయన నీ కాళ్లకు మొక్కినా పట్టించుకోకుండా, ఇంటి ముందు నిలబడి "సదురుకున్నవా బిడ్డా?" అని గట్టిగా అరిచావు. నీకు తెలియదు, జ్యోతిరాణి ఇంటి పిల్లి కూడా గోడ దూకి పోయింది.

నాతో రెండు రోజులు ఉన్నావు, కానీ ఆదివారం నాడు నీ చుట్టూ ఎవరు ఏమన్నారో నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఆయన పెండ్లిపత్రిక వెనక రాసి నీకు చూపింది నువ్వు చదివావు: "మామా, ఒక్కసారి సూసి, అప్పుడు తీసుకపోండ్రి." ఆ తర్వాత అటక ఎక్కి గోనెసంచి దించుతూ నాతో అన్నారు, "ఇదే ఆఖరు. నువ్వు పోతే వీటిని పొయ్యిల పెడ్త." నువ్వు అప్పుడు చెప్పులు దులుపుకుంటున్నావు.

చేన్లో నువ్వు వైరు మొత్తం వేళ్లతో తడుముతూ నడిచావు. కడ్డీ ఊపి చూశావు. డబ్బా మూత తీయించి లోపల చూశావు. తిరుమల నా పక్కకు వచ్చి "వదినా, మీ బాపు రాకెట్టును సూస్తుండా, నన్ను జైల్ల ఏస్తడా?" అన్నాడు. బటన్ నువ్వే నొక్కాలని ఆయన డబ్బా నీ చేతికిచ్చారు. నువ్వు తాళంచెవి ఏదని చేయి చాపావు. ఆయన నా కొంగు వైపు చూపించారు. నీ ముఖంలో అప్పుడే కదా మొదటిసారి బిగువు సడలింది.

నువ్వు "ఖబర్దార్" అని మూడుసార్లు అరిచినప్పుడు పక్కచేన్లో మేకలు చెదిరిపోయాయి. తాళంచెవి పెట్టి బటన్ నొక్కావు. కింద సన్నగా పొగ వచ్చింది. డబ్బాను స్టూలు మీద పెట్టి, ఆకాశం వైపు చూస్తూ నవ్వుకుంటూ ముందుకు నడిచావు.

రాకెట్టు పోలేదు బాపూ. కడ్డీ మీదే ఉంది.

ఆయన "మామా! ఆగుండ్రి!" అని గొంతు చించుకున్నారు. అందరూ అరిచారు. అరిచే కొద్దీ నువ్వు ముందుకే పోతున్నావు. ఆ గోలలో తిరుమల డబ్బా ఎత్తుకున్నాడు. అతని బొటనవేలి సంగతి నీకు రాశాను కదా. లేవకపోతే మళ్లీ నొక్కుతాడు. అతను డబ్బా వైపు చూస్తున్నాడు. వేలు బటన్ దగ్గరికి పోతున్నది.

ఆ క్షణంలో నాకు అరుపు గుర్తుకు రాలేదు. అరవడం నాకు రాదు, వినడం నీ వల్ల కాదు. తాళంచెవి లాగేశాను. తిరుమల "అరే వదినా!" అన్నాడు. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు, కోసిన పత్తికట్టెలు కాళ్లకు గీరుకుపోయాయి. నీ ముందుకొచ్చి నిలబడ్డాను. నువ్వు ఇంకా పైకే చూస్తూ "పోయింది గదా బిడ్డా, గొడుగేది?" అన్నావు. నేను అరచెయ్యి తెరిచి తాళంచెవి చూపించాను. నువ్వు దాన్ని చూశావు. తర్వాత నా భుజం మీదుగా రాకెట్టును చూశావు. నీ చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చాను. అది ఎంత చల్లబడిందో నాకు తెలుసు.

తిరుమల డబ్బాను తెచ్చి నా ముందు పెట్టాడు. అప్పటి నుంచి నన్ను ఆటపట్టించడం లేదు, అదే కొంచెం వెలితిగా ఉంది.

కాసేపటికి కుమార్ అనే దోస్తు "నిమిషం అయింది శ్రీహరీ, ఇగ పోదామా?" అన్నాడు. ఆయన అన్నారు: "కూసో. మామ లెక్క. అరగంట." తనే అందరికంటే ముందు నేల మీద కూర్చున్నారు. నేను తాళంచెవి కొంగున ముడివేసుకున్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నువ్వు బుచ్చిరాములు కాక ముచ్చట మొదలుపెట్టావు. నువ్వు చెబుతుంటే ఆయన నీ వైపే తలాడిస్తూ కూర్చున్నారు. నేను మీ ఇద్దరి నడుమ ఉన్నాను. అప్పుడు ఆయనతో ఒక మాట అన్నాను. పైకే అన్నాను. నీకు వినపడదన్న ధైర్యంతో అన్నాను.

ఏమన్నానో నీకు రాయను. అడిగినా రాయను. ఇది ఒక్కటి ఉత్తరంలో పట్టేది కాదు.

కాళ్ల మీది గీతలు మానుతున్నాయి. ఆయన పసుపు నూరి ఇచ్చారు.

నర్మద


గోదావరిఖని,
17 మార్చి 2025

బిడ్డా నర్మదా,

నేనెందుకు ముందుకు నడిచిన్నో మీ అవ్వకు ఇంకా జెప్పలే. నీకు జెప్తున్న. బాయిల షాట్‌ను ఎవ్వడు కండ్లతోని సూడడు. మూల తిరిగి దాక్కొని సప్పుడు లెక్కపెడ్తం. చెవులు పోయినంక పాదాలతోని లెక్కపెట్టిన, భూమి అదిరెది. ఆఖరుకు పొగ. మా కాడ పొగ వచ్చిందంటె పేలుడు అయిపోయినట్టు. ఆ రాకెట్టుకు పొగ ముందటొస్తదని నాకేం ఎర్క? నా కండ్లు పొగను సూసినయ్, కాళ్లు నడిచినయ్. ఇన్నేండ్లు మందిని ఆపినోన్ని, నన్ను ఆపుడు నీ వంతుకు వచ్చింది.

అరగంట అయినంక ముట్టిచ్చే వైరు మార్చి లేపితిరి సూడు, గప్పుడు నేను అరచెయ్యి నేల మీద ఆనిచ్చి కూసున్న. ఏం తెల్వలే. గాలిల పొయ్యేదాని సంగతి భూమికేం తెలుస్తది. గొడుగు దిగేటప్పుడు మాత్రం సూసిన. దారాలు ఒక్కటి సుత మెలి పడలే. మంచిగ కట్టినవు.

ఆ కాలేజి సారు మళ్ల వస్తడంటివి గదా. పిలగాండ్ల ముందట ఎగరేసేటప్పుడు తాళంచెవి నీ కొంగుకే ఉండాలె. నిమిషం చాలని రాసుంటే రాసుండనీ. నేను ఆయనకు వేరే కాగితం మీద రాసిన, నిమిషం మీ రాకెట్టుకు, అరగంట మా బిడ్డకు అని.

సంచి మీ ఇంట్లనే మరిచి వచ్చిన. నాకొద్దు. గొడుగులు ఏసుకోనీకి పనికొస్తది, ఉంచుకో.

ఇంకోటి. చెవులు పోయి ఇన్నేండ్లాయె, మంది మూతి సూసి కొంచెం కొంచెం అర్థం చేసుకుంట, పలక మీద రాసుడు మానేస్తవని నీకు ఎన్నడు జెప్పలే. నువ్వు అల్లునితోని ఏమన్నవో సూసిన. బుచ్చిరాములు కథ అంత పొడుగు లేదు బిడ్డా. మీ మాట తెగొద్దని సాగదీసిన.

అంకయ్య